అన్నయ్య వంతు

రేపల్లె,
ఫిబ్రవరి 11

హేమా,

అందరూ క్షేమమని మొదలుపెట్టడం అలవాటే కానీ, ఈసారి ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోను ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావు. మా ఇల్లు నీకు తెలియనిదా, ఒకటే గది. ఈ మూల గొంతు తగ్గించి మాట్లాడినా ఆ మూల మీ అన్నయ్యకి వినపడుతుంది. పోనీ బయట నిలబడి మాట్లాడదామంటే పాలెం అంతటికీ చెప్పినట్టే. అందుకని జాకెట్లు కుట్టించే వంకతో రేపల్లె వచ్చి, కాంతమ్మగారి టైలరింగ్ షాపులో కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా ఈ షాపుకే రాయి. ఆవిడ మంచిది, విప్పి చదవదు. చదివినా నా మీద జాలిపడుతుందే తప్ప నలుగురిలో వెయ్యదు.

సంగతి మీ అన్నయ్యదే. మొన్న దానయ్య మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. మా పెళ్ళి కాకముందు నుంచీ ఇద్దరూ ఒకే బోటు మీద వేటకి పోతున్నారు కదా. ఆయన చాలాసేపు దానయ్య మొహంలోకి చూసి, లోపలికొచ్చి నా చెవిలో, "ఎవరే వచ్చింది?" అన్నారు. పరాచికమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. పోయిన నెల రేపల్లె బస్టాండులో మన బస్సు ఎక్కాల్సిన మనిషి వేరే బస్సెక్కి భట్టిప్రోలులో దిగాడు. తెలిసిన ఆటో అబ్బాయి చూసి తీసుకొచ్చాడు. అడిగితే "పని మీద పోయా" అన్నారు. భట్టిప్రోలులో ఆయనకేం పని?

నలభై నాలుగేళ్ళకి ఇదేం మతిమరుపు హేమా? ఇక్కడి ఆర్ఎంపీ నీరసమని టానిక్ ఇచ్చాడు. పెద్దాసుపత్రి అంటే మీ అన్నయ్య మంచం దిగరు.

డిసెంబరులో ఆ ఫోను తెచ్చి ఇచ్చినప్పుడు నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. సముద్రం మీద నిద్రలేకుండా పనిచేసేవాళ్ళ జ్ఞాపకం ఎట్లా ఉంటుందో చూసే పరిశోధన అన్నావు. రోజూ పొద్దున్నే అందులో బొమ్మలు చూసి గుర్తుపెట్టుకోవాలి, పచ్చ గుండ్రం కనపడగానే నొక్కాలి అన్నావు. ఎవరికైనా నెలల తరబడి తగ్గుతూ వస్తే వాళ్ళే పిలిపించి, గుంటూరులో పెద్ద డాక్టర్లకి చూపించి, స్కానింగు దగ్గర్నుంచి మందుల దాకా చూసుకుంటారన్నావు. మీవాళ్ళు రమ్మంటే ఈయన వెళతారు, చెల్లెలి ఆఫీసు మాట కదా. మరి ఇంకా పిలవలేదేం? నాకు కనపడేది ఆ ఫోనుకి కనపడటం లేదా?

భాగ్యశ్రీ


తెనాలి,
ఫిబ్రవరి 20

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వుకున్నాను. ఎందుకు నవ్వానో చెబుతాను, కోప్పడకు.

నిజానికి మేం ఎవరి ఫలితాలూ ఎవరికీ చెప్పకూడదు. ఫోనులో మీరు చేసినవన్నీ హైదరాబాద్ పోతాయి. చూసిన బొమ్మల పేర్లు పైకి చెబుతారు కదా, ఆ గొంతుని కూడా మిషనే విని మార్కులుగా మార్చుకుంటుంది. మేం వినం. తెనాలి ఆఫీసులో మాకు కనపడేవి నంబర్లు, వాటి ఎదురుగా మార్కులు, అంతే. కానీ నువ్వు అంత బెంగగా రాస్తే చూడకుండా ఉండగలనా? అన్నయ్య నంబరు తెరిచి చూశాను.

మీ ఆయన ఫస్టు వదినా! నిజాంపట్నం నుంచి బాపట్ల సముద్రం దాకా ఈ ఫోనులు తీసుకున్న వాళ్ళందరిలో మొదటి వరస ఆయనది. పచ్చ గుండ్రం వస్తే పాతికేళ్ళ కుర్రాళ్ళకంటే ముందు నొక్కేస్తున్నాడు. బొమ్మలు చూపిస్తే ఒక్కటి వదలడం లేదు. మా రవిశంకర్ సార్, అంటే హైదరాబాద్ వాళ్ళ తరఫున ఇక్కడ ఈ పరిశోధన నడిపించే ఆయన, మొన్న మీటింగులో ఆ నంబరు చూపించి మెచ్చుకున్నారు. మా అన్నయ్యే సార్ అని చెప్పాలని నాలుక దాకా వచ్చింది.

కాబట్టి నువ్వు బెంగపెట్టుకోకు. వారం వారం సముద్రం మీద ఉండొచ్చిన మనిషి ఒడ్డున సగం నిద్రలోనే ఉంటాడు. పైగా నీకు తెలియనిదొకటి చెబుతాను. చిన్నప్పుడు అమ్మ నీళ్ళు తెమ్మందంటే చాలు, అన్నయ్యకి చెవుడు వచ్చేది. బజారుకి పొమ్మంటే ఏం తెమ్మందో మర్చిపోయేవాడు. తిండి వేళకి మాత్రం అన్నీ తిరిగొచ్చేవి. ఆ వేషాలే ఇప్పుడు నీ దగ్గర వేస్తున్నాడేమో చూడు.

హేమ


రేపల్లె,
మార్చి 18

హేమా,

నీ జవాబు చదివాక గుండెల మీద బరువు దిగింది. కాంతమ్మగారికి టీ కూడా తాగించాను. ఫోను ఎవరి పక్షానా మాట్లాడదు కదా. నాదే అనుమానపు బుద్ధి అనుకున్నాను.

ఇంటికెళ్ళి, "హేమ కనపడింది, మీరే ఫస్టంట" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. సంతోషపడతారనుకున్నాను గానీ లేచి బయటికెళ్ళి వలల దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాత నుంచి డాక్టరు ఊసెత్తితే చాలు, "ఫస్టొచ్చినోడికి డాక్టరేంటే" అంటున్నారు.

ఇంకొకటి చెప్పాలి. మొన్న అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ వచ్చి కంచం ముందు కూర్చున్నారు. ఇప్పుడే తిన్నారు కదా అన్నాను. కాసేపాగి మళ్ళీ అదే. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. "చిన్నప్పుడు మీ అమ్మ దగ్గర వేసిన వేషాలు నా దగ్గర వెయ్యకండి, మీ చెల్లెలు అన్నీ చెప్పింది" అని గట్టిగా అరిచాను. పక్కింటి అంకాలమ్మ కూడా తొంగి చూసింది. ఆయన కంచం తీసి తనే కడిగి బోర్లించి, "తప్పయిపోయిందే భాగ్యం" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. వేషాలు వేసేవాడు అట్లా అనడు కదా అని ఒక పక్క, ఫోను చెప్పింది కదా అని ఇంకో పక్క. ఏది నమ్మాలో తెలియక నీ మాటే నమ్ముతున్నాను.

భాగ్యశ్రీ


బాపట్ల,
ఏప్రిల్ 29

వదినా,

ఇది బాపట్లలో లాడ్జి గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి సముద్రం ఒడ్డున ఫోనులు పంచే డ్యూటీ వేశారు. నీ ఉత్తరానికి ఇంతకాలం జవాబు రాయనిది పని వల్లేనని చెప్పొచ్చు. కానీ నువ్వు రాసిన ఆ కంచం సంగతి చదివాక నాకు ఏం రాయాలో తెలియలేదు. అదీ అసలు కారణం.

వేట నిషేధం మొదలై బోట్లు ఒడ్డెక్కిన దగ్గర్నుంచి అన్నయ్య మార్కులు పడిపోయాయి. కొన్ని రోజులు ఏమీ రావు. వచ్చినవి చూస్తే అదే మనిషివి అనిపించడం లేదు. రవిశంకర్ సార్‌కి మాత్రం ఇది పండగలా ఉంది. వేటలో ఉన్నంతకాలం మెదడు చురుగ్గా ఉండి, పని ఆగగానే మందగిస్తుందని ఈ నంబరు రుజువు చేస్తోందట. ఢిల్లీలో ఉపన్యాసానికి గ్రాఫు గీయించుకున్నారు. నేను మాత్రం రోజూ ఆ నంబరే తెరిచి చూస్తున్నాను.

నిన్న జరిగింది చెబుతాను. పోలిక చూడటానికి ఒడ్డున పనిచేసేవాళ్ళకి కూడా ఫోనులిస్తున్నాం, అట్లా ఇక్కడ ఎండుచేపలమ్మే పేరంటాలు అనే ఆవిడకి ఒకటి ఇచ్చాను. ఆవిడ జ్వరంతో పడుకుందని తెలిసి వెళితే, గుడిసె బయట రాధారాణి అని ఆవిడ జట్టు మనిషి ఆ ఫోను పట్టుకుని చకచకా నొక్కుతోంది.

"అదేంటండి, ఆవిడ ఫోను మీరు నొక్కుతున్నారు?" అన్నాను.

"ఆవిడకి ఒంట్లో బాలేదు కదమ్మా" అంది.

"బాలేకపోతే మానెయ్యాలి గానీ, మీరు చెయ్యకూడదండి."

ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఆవిడ గంప నిన్న నేనే అమ్మిపెట్టా. ఆవిడ వంతు ఇది మాత్రం ఎట్టా ఆపుతామమ్మా? రేపు నేను పడుకుంటే ఆవిడ చెయ్యదా?"

నాకు నాన్న రోజులు గుర్తొచ్చాయి వదినా. నాన్నకి కామెర్లొచ్చి మంచం పట్టినప్పుడు బోటు వాళ్ళు ఆయన వల లాగి, ఆయన వాటా చేపలు మన గుమ్మంలో పోసి వెళ్ళేవారు. ఆ చేపలు తిని పెరిగిన దాన్ని నేను. ఏ ఫోను ఎవరి చేతిలో ఉందో అడగాలని నాకు తట్టలేదు. చెక్ చేసే పద్ధతుల మీద మాకు రెండు రోజుల ట్రైనింగ్ కూడా ఇచ్చారు.

బోటు మీద ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? దానయ్యని అడుగు. నువ్వడిగితే చెబుతాడు.

హేమ


రేపల్లె,
మే 9

హేమా,

అడిగాను. దానయ్య పడవల నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. మస్తాన్ కూడా ఉన్నాడు, ఇంజను చూసేవాడు. నేను అడగ్గానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుతోనే నాకు సగం తెలిసింది.

దానయ్య అన్నది అన్నట్టే రాస్తున్నాను. "అమ్మా, తప్పయితే చెప్పుతో కొట్టు. మొదటి రోజు ఆడే పట్టుకున్నాడు. ఆ బొమ్మలు చూసి, ఒక్కటీ చెప్పలేక, ఫోను పక్కన పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా కాలిరిగి మూడు నెలలు పడుకుంటే నా వాటా తగ్గకుండా నిలబెట్టినోడు ఆడు. ఇప్పుడు ఆడి వల్ల కాని పని వచ్చింది. మేమింతమందిమి ఉండి ఆడి వంతు అట్టా వదిలేస్తామా?"

నొక్కేది మస్తాన్. బొమ్మల పేర్లు చెప్పేది ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. ఇంటికొచ్చిన రోజుల్లో కూడా ఆయన పొద్దున్నే హార్బరుకి పోయేది అందుకే. బోట్లు ఒడ్డెక్కాక పొద్దున్నే వీళ్ళు కూలిపనులకి పోతుంటే ఫోను ఆయన దగ్గరే మిగిలిపోతోందట. ఫోను ఒక్కటే కాదు హేమా. బోటు నడిపేది కూడా సంక్రాంతి ముందు నుంచీ మస్తానేనట. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దారి తప్పి ఇసకమేట ఎక్కించబోయారట మీ అన్నయ్య. అప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుంటారు, మస్తాన్ చుక్కాని పడతాడు, ఒడ్డు కనపడగానే మళ్ళీ ఆయన చేతికిస్తారు. ఓనరు చూస్తే దించేస్తాడని. బోటు మొత్తానికి తెలుసు. తెలియనిది ఆయన పెళ్ళానికీ చెల్లెలికీ.

నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. రావాలని చూశాను, రాలేదు. నా మీదే వచ్చింది. కంచం ముందు కూర్చున్న మనిషిని వేషాలంటూ అరిచాను. ఆయనేమో నాకు క్షమాపణ చెప్పారు.

ఇప్పుడైనా మీ సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పు. గుంటూరు పిలిపించమను. ఆయన మనసు బాగున్న రోజులు ఇంకా ఉన్నాయి, అవి ఉండగానే.

భాగ్యశ్రీ


తెనాలి,
మే 24

వదినా,

చెప్పాను. ఆయన నా అన్న అని కూడా చెప్పాను. రవిశంకర్ సార్ చెడ్డవాడు కాదు, కుర్చీలోంచి లేచి నాకు మంచినీళ్ళిచ్చారు. ఆ తర్వాత చెప్పింది ఇది. వేరేవాళ్ళు చేసినవి లెక్కలోకి రావు, కాబట్టి అన్నయ్య నంబరు మొత్తం తీసెయ్యాలి. గుంటూరు పంపేది ఎవరి మార్కులు వాళ్ళవే నెలల తరబడి తగ్గుతూ వచ్చిన వాళ్ళని మాత్రమే. అన్నయ్య నంబరు తీసేశాక, తగ్గినట్టు చూపించడానికి అక్కడ ఏమీ మిగలదు. కొత్తగా చేర్చుకుందామంటే చేర్చుకునే గడువు ఏప్రిల్ నెలాఖరుతో అయిపోయింది.

"సార్, తగ్గిందని మా వదిన ఫిబ్రవరిలోనే రాసింది" అన్నాను. "ఇంట్లోవాళ్ళ మాట మనం తీసుకునే పద్ధతి పెట్టుకోలేదు హేమా, పెట్టుకోవాల్సింది" అన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది. బాధ ఉండి ఏం లాభం? హైదరాబాద్‌కి రెండుసార్లు ఆయనే ఫోన్ చేశారు. అక్కడివాళ్ళు కూడా మర్యాదగానే కాదన్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కానప్పుడు ఎవరితో పోట్లాడాలో నాకు తెలియడం లేదు.

గుంటూరులో నరాల డాక్టరు ఒకాయన దగ్గర నేను అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అడ్రసు వెనకవైపు రాశాను. నేను కూడా వస్తాను, తెనాలిలో మిమ్మల్ని కలుస్తాను.

నువ్వు చూసింది నమ్మకుండా నేను నంబరుని నమ్మాను వదినా. నీ చేత కూడా నమ్మించాను.

హేమ


రేపల్లె,
జూన్ 19

హేమా,

గుంటూరు నువ్వు రావద్దని ఫోనులో అంత కటువుగా చెప్పినందుకు ఏమీ అనుకోకు. ఆయన పక్కనే ఉన్నారు, కారణం చెప్పలేకపోయాను. ఈమధ్య నీ పేరెత్తితే ఆయనకి చెమటలు పడుతున్నాయి. నువ్వొస్తే మళ్ళీ ఏదో అడుగుతావని, చెప్పలేకపోతే నీ ఉద్యోగం పోతుందని ఆయన భయం. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన చెల్లెలు నువ్వు.

దానయ్య, నేను తీసుకెళ్ళాం. స్కానింగులో మెదడు కుంచించుకుపోతోందని కనపడిందట. ఈ వయసులో రావడం అరుదు, వస్తే తొందరగా ముదురుతుంది అన్నాడు డాక్టరు. కొన్ని నెలల ముందు తెస్తే బాగుండేదా అని అడిగాను. "ఆగేది కాదమ్మా, కొంచెం నెమ్మదించేదేమో" అన్నాడు. ఆ కొంచెం ఎంతో నేను అడగలేదు. అడిగితే అది నీకు రాయాల్సి వస్తుంది.

నిషేధం అయిపోయి బోట్లు కదిలాయి. ఆయన తెల్లారకముందే లుంగీ బిగించుకుని హార్బరుకి బయల్దేరారు. దానయ్య ఎదురొచ్చి, "ఈసారికి నువ్వు ఒడ్డు చూసుకోరా, మేం పోయొస్తాం" అన్నాడు. సరే అన్నారు. బోటు మొగ దాటేదాకా చెయ్యెత్తి నిలబడ్డారు. వాళ్ళు మూడో రోజే తిరిగొచ్చి ఆయన వాటా చేపలు మా గుమ్మంలో పోసి వెళ్ళారు. మీ నాన్నకి పోసినట్టే. ఎన్నాళ్ళు పోస్తారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నిన్న మీ ఆఫీసు అబ్బాయి ఫోను వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చాడు. అతనికి టీ పెడుతుంటే ఆ ఫోను మోగింది, రోజూ పొద్దున్నే మోగినట్టు. ఆయన చప్పున తీసుకుని గడప మీద కూర్చున్నారు. మస్తాన్ లేడు, దానయ్య లేడు, మళ్ళీ వేటకి పోయారు. నేను పక్కన కూర్చుంటే, "నువ్వు చూడకే, ఇది నా వంతు" అన్నారు. లేచి గిన్నెలు సర్దుతూ ఓరగా చూశాను. పచ్చ గుండ్రం వచ్చింది, పోయింది. ఆయన వేలు దాని మీదకి వెళ్ళేసరికి అక్కడ ఏమీ లేదు. బొమ్మలు వచ్చాయి. నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పారు, గిన్నెల చప్పుడులో నాకు వినపడలేదు. చివర్న ఆ ఫోను 'చాలా బాగా చేశారు, ధన్యవాదాలు' అని చూపించింది. ఎవరు ఎట్లా చేసినా అది అదే చూపిస్తుందటగా, ఆ అబ్బాయే చెప్పాడు. ఆయన మాత్రం ఆ మాట రెండుసార్లు చదివి నవ్వారు. ఎన్నాళ్ళయిందో అట్లా నవ్వి. "హేమకి చేరుద్దా?" అని అడిగారు. చేరుతుంది అన్నాను.

చేరిందా హేమా? చేరితే ఒక ముక్క రాయి, చదివి వినిపిస్తాను.

భాగ్యశ్రీ


తెనాలి,
జూన్ 27

వదినా,

చేరింది. అన్నయ్యకి అట్లాగే చెప్పు. చాలా బాగా చేశాడని, నా ఉద్యోగానికేం కాలేదని చెప్పు. ఈ కింద రాసేది మాత్రం నీకు, వినిపించకు.

అన్నయ్య నంబరు తీసేసి, అందులో ఉన్నవన్నీ చెరిపెయ్యమని ఆ ఫైలు నాకే పంపారు. చెరిపే ముందు గొంతులన్నీ విన్నాను. వినకూడదు, విన్నాను. ఏప్రిల్ దాకా ఒక్కదాంట్లోనూ అన్నయ్య గొంతు లేదు. మస్తాన్ ఉన్నాడు, దానయ్య ఉన్నాడు, వెనక ఇంజను ఉంది, గాలి ఉంది. "గొడుగు, తాళం, కాకి, మామిడిపండు, పడవ" అని ఒకరి తర్వాత ఒకరు బడిపిల్లల్లా చెబుతున్నారు. నిషేధం రోజుల్లోవి ఏడో ఎనిమిదో ఉన్నాయి. వాటిలో మాటల్లేవు. ఎవరో ఊపిరి తీస్తున్న శబ్దం వినపడుతుంది, కాసేపటికి అది ఆగిపోతుంది.

మొన్న గడప మీద కూర్చుని చేసింది నంబరు తీసేశాక వచ్చింది కాబట్టి మిషను దాన్ని తీసుకోలేదు. లెక్కలోకి రానివాటి పక్కన పడేసింది. అన్నయ్య నిజంగా తనంతట తాను చేసి, నోరు తెరిచి చెప్పింది అదొక్కటే వదినా. ముందు నీ గిన్నెల చప్పుడు వినపడింది. తర్వాత అన్నయ్య "పడవ" అన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు మర్యాదగా అన్నాడు.

"మిగతావి మావాళ్ళు చెబుతారండి."

సాయంత్రంలోపు చెరిపెయ్యమన్నారు. ఇంకా చెరపలేదు.

హేమ